ఆన్‌లైన్ కోర్సు పాఠాలు ఏ రూపంలో పెట్టాలి? పీడీఎఫ్, వెబ్ పేజీ, గూగుల్ డాక్, ప్యాకేజీల మధ్య ఎంపిక

2, 4, 6. ఈ మూడు అంకెల శాంపిల్ వేరియన్స్, అంటే సగటు చుట్టూ అవి ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత, ఎంత? సగటు 4. సగటు నుంచి తేడాల వర్గాలు కూడితే 8. ఆ 8ని ఎన్ (అంకెల సంఖ్య) మైనస్ 1తో, అంటే 2తో భాగిస్తే 4 వస్తుంది. ఎన్‌తో, అంటే 3తో భాగిస్తే 2.67 వస్తుంది. నా స్టాటిస్టిక్స్ కోర్సు మూడో యూనిట్‌లో ఆ "మైనస్ 1" ఎగిరిపోయింది. ఒక అబ్బాయి మెసేజ్ పెట్టగానే కోర్సు పేజీ తెరిచి అరగంటలో దిద్దేశాను, పని అయిపోయిందనుకున్నాను. నెలన్నర తర్వాత పరీక్ష పేపర్లు దిద్దుతుంటే అలాంటి లెక్కలోనే చాలామంది ఎన్‌తో భాగించేసి ఉన్నారు. ఎందుకిలా చేశారని అడిగితే ఒకమ్మాయి ఫోన్ తీసి చూపించింది. "మేడమ్, మీ నోట్స్‌లోనే ఇలా ఉంది కదా." అది సెమిస్టర్ మొదట్లో నేనే పెట్టిన పీడీఎఫ్. అదే పాఠం స్లైడ్లలో కూడా ఉంది. విద్యార్థుల గ్రూప్‌లో ఎవరో పంచిన కాపీ ఇంకోటి ఉంది. మొత్తం నాలుగు చోట్ల ఉన్న తప్పును నేను ఒక్క చోట దిద్దాను. ఆ లెక్కకు అందరికీ మార్కులు ఇచ్చేశాను.

అప్పటి నుంచి ఎవరైనా "ఆన్‌లైన్ కోర్సు మొదలుపెడుతున్నాను, పాఠాలు ఏ ఫార్మాట్‌లో పెట్టమంటారు" అని అడిగితే ముందు నేను అడిగేది ఒకటే: అందులో తప్పు దొరికితే ఎన్ని చోట్ల దిద్దాలి? పాఠం రాయడం ఒకసారే, దిద్దడం ప్రతి సెమిస్టరూ ఉంటుంది. రాసేటప్పుడు హాయిగా అనిపించిన ఫార్మాటే తర్వాత దిద్దేటప్పుడు ప్రాణం తీస్తుంది. అందుకే ఈ పోలికలో రెండు విషయాలకే పెద్దపీట వేశాను: దిద్దడం ఎంత తేలిక, ఫోన్‌లో చదవడం ఎంత తేలిక. పైకి ఎంత అందంగా ఉందన్నది ఆ తర్వాతి మాట.

పీడీఎఫా, వెబ్ పేజీయా?

చాలామంది తేల్చుకోవాల్సింది ఈ రెండింటి మధ్యే. అందుకని ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

పీడీఎఫ్‌ను అడోబీ సంస్థ 1993లో తెచ్చింది. 2008లో అది ఐఎస్ఓ ప్రమాణమైంది. ఏ కంప్యూటర్‌లో తెరిచినా, ఏ ప్రింటర్‌లో తీసినా పేజీ ఒకేలా కనిపించాలన్నదే దాని ఉద్దేశం. ఆ పని అది చక్కగా చేస్తుంది. చిక్కు కూడా అక్కడే ఉంది. ఏ4 కాగితం వెడల్పు 210 మిల్లీమీటర్లు, ఫోన్ తెర వెడల్పు సుమారు 70. పేజీ అంతా తెరలో పట్టాలంటే అక్షరం మూడో వంతుకు కుంచించుకుపోవాలి. మీరు 12 పాయింట్లలో టైప్ చేసింది వాళ్లకు 4 పాయింట్లంత కనిపిస్తుంది. పెద్దది చేసుకుంటే వరుస తెర దాటి పోతుంది.

ఇది లెక్క. కళ్లారా చూసింది వేరు. ఒకసారి ఒక విద్యార్థిని పక్కన కూర్చుని, నా పాఠం ఫోన్‌లో ఎలా చదువుతుందో ఏమీ మాట్లాడకుండా చూశాను. రెండు వేళ్లతో పెద్దది చేసింది. వరుస చివరి దాకా కుడికి జరిపింది, మళ్లీ ఎడమకు తెచ్చుకుంది. ఈలోగా ఏ వరుసలో ఉందో తప్పిపోయి చదివిన వరుసే మళ్లీ చదివింది. రెండో పేజీలో పట్టిక వచ్చింది. దాని తలవరుస ఒక తెరలో, అంకెలు ఇంకో తెరలో. ఒక్కో అంకె దగ్గర ఆగి, అది దేని కింది అంకో చూసుకోవడానికి పైకి వెళ్లడం, కిందికి రావడం. నాలుగు నిమిషాలకు ఫోన్ పక్కన పెట్టి "ల్యాప్‌టాప్‌లో చదువుకుంటాలెండి మేడమ్" అంది. తన దగ్గర ల్యాప్‌టాప్ లేదని తర్వాత తెలిసింది.

వెబ్ పేజీ అంటే హెచ్‌టీఎంఎల్. ఎల్ఎంఎస్‌లో (మూడుల్, క్యాన్వాస్ లాంటి, కోర్సు నడిపే సాఫ్ట్‌వేర్‌లో) "పేజీ" అని కనిపించేది కూడా లోపల అదే. తెర ఎంత ఉంటే అంతలో వరుసలు సర్దుకుంటాయి. అక్షరం పెద్దది చేసుకుంటే వరుస కిందికి మడతపడుతుంది తప్ప పక్కకు పోదు. అందరికీ అందుబాటులో ఉండే వెబ్ కోసం పెట్టుకున్న డబ్ల్యూసీఏజీ ప్రమాణాల 2.1 వెర్షన్ 2018లో వచ్చింది. 320 పిక్సెళ్ల వెడల్పులో కూడా అడ్డంగా జరపకుండా చదవగలగాలని అందులో ఒక నియమం ఉంది. శుభ్రంగా రాసిన వెబ్ పేజీ ఆ నియమాన్ని దానంతట అదే పాటిస్తుంది. పీడీఎఫ్‌ను అలా తయారుచేయాలంటే లోపల ట్యాగులు పెట్టాలి, చదివే యాప్ కూడా సహకరించాలి.

దిద్దుబాటులో కూడా తేడా పెద్దదే. వెబ్ పేజీలో ఒక అక్షరం మారిస్తే మరుక్షణం అందరికీ మారుతుంది. పీడీఎఫ్ డౌన్‌లోడ్ అయిపోయాక అది మీ చేతిలో ఉండదు.

అలాగని పీడీఎఫ్‌ను పక్కన పడేయమని అనను. నెట్ లేని చోట చదువుకోవడానికి, ప్రింట్ తీసుకోవడానికి, "12వ పేజీలో రెండో పేరా చూడండి" అని చెప్పడానికి దానికి సాటి లేదు. ఇంజినీరింగ్ డ్రాయింగులు, ప్రశ్నపత్రాలు, దరఖాస్తులు, ఎక్కడి గీత అక్కడే ఉండాల్సినవి ఏవైనా పీడీఎఫ్‌లోనే ఉండాలి. కానీ స్కాన్ చేసిన పీడీఎఫ్‌ను మాత్రం పాఠంగా పెట్టకండి. అది ఫోటో. అందులో మాట వెతకలేరు, కాపీ చేయలేరు, చూపు లేనివాళ్లకు స్క్రీన్ రీడర్ చదివి వినిపించలేదు. తెలుగులో పాఠాలు పెట్టేవాళ్లకు ఇంకో మాట. టైప్ చేసిన తెలుగు పీడీఎఫ్‌లోనూ ఒత్తులు, గుణింతాలు ఉన్న మాట వెతికితే దొరకకపోవడం, కాపీ చేస్తే అక్షరాలు చెదిరిపోవడం మామూలే. యూనికోడ్‌లో రాసిన వెబ్ పేజీలో ఆ బాధ లేదు.

నా నిర్ణయం ఇది: పాఠం వెబ్ పేజీగా ఉండాలి, పీడీఎఫ్ దాని నుంచి తీసిన కాపీగా ఉండాలి. కాపీ మొదటి పేజీ పైన అది తీసిన తేదీ, అసలు పేజీ లింకు వేయండి. "సవరణలు ఇక్కడ చూడండి" అన్న ఆ ఒక్క వరుస నా మూడో యూనిట్ పీడీఎఫ్ మీద ఉండి ఉంటే సగం మందైనా చూసుకునేవారు.

పీడీఎఫ్ తప్పదనుకున్నప్పుడు పాత ఫైల్ తీసేసి కొత్తది వేరే లింకుతో పెట్టకండి. మూడుల్‌లో "ఫైల్" అనే రిసోర్స్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి లోపలి ఫైల్ ఒక్కటే మార్చవచ్చు, కోర్సులో లింకు అలాగే ఉంటుంది. గూగుల్ డ్రైవ్‌లో కూడా వెర్షన్లు నిర్వహించే చోట కొత్త ఫైల్ అప్‌లోడ్ చేస్తే లింకు మారదు.

ఎల్ఎంఎస్‌లోనే రాస్తే ఏ సాధనం?

మూడుల్ 2002 నుంచి ఉంది, ఉచితం, సోర్సు కోడ్ కూడా అందరికీ తెరిచే ఉంది. అందులో పాఠం పెట్టడానికి పేజీ, బుక్, లెసన్ అని మూడు దారులున్నాయి. కొత్తగా వచ్చినవాళ్లు "లెసన్" అన్న పేరు చూసి పాఠం కదా అని అందులోకి దిగుతారు. నేనూ అలాగే దిగాను. లెసన్ మామూలు పాఠానికి ఉద్దేశించింది కాదు. మధ్యలో ప్రశ్న వేసి, జవాబును బట్టి వేరే పేజీకి తీసుకెళ్లే దారుల అల్లిక అది. రోగి లక్షణాలు చూసి తర్వాత ఏం చేయాలో ఎంచుకునే నర్సింగ్ కేసు లాంటి వాటికి చాలా బాగుంటుంది. వరుసగా చదివే పాఠానికి పెడితే ప్రతి పేజీ నుంచి ఎక్కడికి దూకాలో మీరే చెప్పుకుంటూ పోవాలి. మధ్యలో ఒక పేజీ చేర్చినప్పుడల్లా ఆ దారులన్నీ సరిచూసుకోవాలి.

బుక్‌లో అధ్యాయాలు, ఉప అధ్యాయాలు అని రెండు స్థాయిలు ఉంటాయి, పక్కన విషయసూచిక దానంతట అదే తయారవుతుంది. మొత్తం పుస్తకాన్ని ఒకేసారి ప్రింట్ తీసుకునే వీలుంది కాబట్టి పీడీఎఫ్ కాపీ కూడా అక్కడి నుంచే తీసుకోవచ్చు. యూనిట్‌కు ఒక బుక్, అంశానికి ఒక అధ్యాయం అన్న పద్ధతి నాకు బాగా కుదిరింది. కోర్సు మొదటి తెర కూడా పొట్టిగా ఉంటుంది. యూనిట్‌లో అయిదారు పేజీలు విడివిడిగా పెడితే సెమిస్టర్ చివరికి విద్యార్థి ఎంత కిందికి జరిపినా కోర్సు తెర తరగదు. ఒకే ఒక్క చిన్న విషయానికైతే పేజీ చాలు.

మూడుల్ పేజీలో ఒక లోటుంది. పాత వెర్షన్లు దాచుకునే ఏర్పాటు లేదు. పొరపాటున ఒక పేరా చెరిపేసి సేవ్ నొక్కితే అది పోయినట్టే. క్యాన్వాస్‌లో ప్రతి పేజీకి చరిత్ర ఉంటుంది, పాత రూపం చూసి వెనక్కి తెచ్చుకోవచ్చు. ఇద్దరు ముగ్గురు కలిసి ఒక కోర్సు నడిపే చోట ఇది ఎంత ధీమానో వాడితేనే తెలుస్తుంది. మూడుల్‌లో ఉన్నవాళ్లు పెద్ద మార్పు చేసే ముందు కోర్సు బ్యాకప్ తీసుకోవాలి, లేదా పేజీ మొత్తాన్ని వేరే ఫైల్‌లో దాచుకోవాలి.

గూగుల్ క్లాస్‌రూమ్ 2014లో వచ్చింది. దానిలో పాఠం పేజీ రాసుకునే చోటంటూ ప్రత్యేకంగా లేదు. మీరు రాసిన డాక్‌నో, ఫైల్‌నో, లింకునో జోడించాలి. కాబట్టి క్లాస్‌రూమ్ వాడేవాళ్ల ప్రశ్న సహజంగానే గూగుల్ డాక్ దగ్గరికి వెళ్తుంది.

గూగుల్ డాక్

దిద్దడానికి ఇంత తేలికైనది ఇంకోటి లేదు. మార్పు చేస్తే అందరికీ వెంటనే కనిపిస్తుంది, వెర్షన్ హిస్టరీలో ఎవరు ఎప్పుడు ఏం మార్చారో ఉంటుంది. తోటి లెక్చరర్ సూచన పెడితే మీరు ఒప్పుకోవడమో వద్దనడమో చేయవచ్చు. 2022లో పేజీలు లేని అమరిక కూడా తెచ్చారు. అది ఎంచుకుంటే ఏ4 హద్దులు పోయి వరుసలు తెరకు సర్దుకుంటాయి. పాఠం పెట్టేవాళ్లు తప్పకుండా ఆ సెట్టింగ్ మార్చుకోవాలి.

భయపెట్టేవి రెండు. ఒకటి, షేరింగ్. లింకు ఇచ్చి అనుమతి ఇవ్వడం మరిచిపోతే రాత్రి పదకొండింటికి యాక్సెస్ కావాలంటూ నలభై మెయిళ్లు వచ్చిపడతాయి. పంపే ముందు వేరే అకౌంట్‌తోనో ప్రైవేట్ విండోలోనో ఒకసారి తెరిచి చూసుకుంటే ఆ టెన్షన్ ఉండదు. రెండోది అసలు ప్రమాదం. డాక్ ఒకరి అకౌంట్‌లో ఉంటుంది. ఆ లెక్చరర్ కాలేజీ మారి, ఆ అకౌంట్ మూసేస్తే, దాని మీద ఆధారపడ్డ కోర్సంతా ఖాళీ లింకులైపోతుంది. పాఠాలు వ్యక్తి అకౌంట్‌లో కాకుండా విభాగం పేరు మీద ఉన్న షేర్డ్ డ్రైవ్‌లో పెట్టుకోండి. అది కుదరకపోతే సెమిస్టర్ అయ్యాక ఒక కాపీ దించి విభాగానికి అప్పగించండి.

హెచ్5పీ, స్కార్మ్ ప్యాకేజీలు

పాఠం మధ్యలో ప్రశ్నలు, లాగి వదిలే బొమ్మలు, వీడియో ఆగి అడిగే ప్రశ్నలు కావాలనుకుంటే ఈ రెండూ కళ్ల ముందుకొస్తాయి.

స్కార్మ్ అంటే పాఠాన్ని, ప్రశ్నలను ఒకే ప్యాకేజీగా కట్టి ఎల్ఎంఎస్‌లో ఎక్కించే ప్రమాణం. అది పాతది. దాని 1.2 వెర్షన్ 2001 నాటిది, ఇప్పటికీ చాలా చోట్ల అదే నడుస్తోంది. దాని బలం ఏమిటంటే ఒక చోట తయారుచేసిన ప్యాకేజీ వేరే ఎల్ఎంఎస్‌లోనూ పనిచేస్తుంది, పూర్తి చేశారా లేదా, ఎంత స్కోరు వచ్చింది అన్నది ఎల్ఎంఎస్‌కు చెబుతుంది. భద్రతా శిక్షణ లాంటి, అందరూ పూర్తి చేసినట్టు రికార్డు ఉండాల్సిన వాటికి అది సరైనదే. కాలేజీ పాఠానికి మాత్రం నేను వద్దంటాను. కారణం మళ్లీ దిద్దుబాటే. ఒక అచ్చుతప్పు దిద్దాలంటే తయారుచేసిన సాఫ్ట్‌వేర్‌లో అసలు ఫైల్ తెరవాలి, మళ్లీ పబ్లిష్ చేయాలి, మళ్లీ అప్‌లోడ్ చేయాలి. అప్పటికే సగంలో ఉన్న విద్యార్థుల సంగతి ఏమవుతుందో చూసుకోవాలి. ఆ అసలు ఫైల్ ఎవరి దగ్గర ఉందో తెలియకపోతే పాఠం రాయి మీద చెక్కినట్టే. ఇంకో సాంకేతిక పరిమితి ఉంది. విద్యార్థి ఎక్కడ ఆగాడో గుర్తుపెట్టుకోవడానికి 1.2లో ఇచ్చిన చోటు 4,096 అక్షరాలే. పొడవాటి ప్యాకేజీల్లో అది నిండిపోయి, ఆగిన చోటు నుంచి మొదలవ్వాల్సింది మళ్లీ మొదటికి వస్తుంది. స్కార్మ్ తప్పదంటే చిన్న చిన్న ముక్కలుగా చేయండి.

పాఠంలో ఇలాంటి ప్రశ్నలు, ఆటలు చేర్చే సాధనం హెచ్5పీ ఇందుకు చాలా నయం. బ్రౌజర్‌లోనే తయారుచేయవచ్చు, బ్రౌజర్‌లోనే దిద్దవచ్చు. మూడుల్‌లో 3.8 వెర్షన్ నుంచి అది లోపలే భాగమైంది. వేరే కోర్సుకు కావాలంటే ఫైల్‌గా దించుకుని అక్కడ ఎక్కించవచ్చు. వేరియన్స్ పాఠంలో నేను ఒకే ఒక్క చోట వాడాను: అంకెలు ఇచ్చి, భాగించాల్సింది 2తోనా 3తోనా అని అడిగే ప్రశ్న. తప్పు ఎంచుకుంటే ఎందుకు తప్పో అక్కడే చెబుతుంది. నిజానికి ఒక పాఠానికి అలాంటివి రెండు మూడు చాలు. ప్రతి పేరాకూ ఒక ఆట పెడితే చదివేవాడు పాఠం వదిలేసి బటన్లు నొక్కడంలో పడతాడు. అసలు పాఠాన్ని మాత్రం మామూలు పేజీలోనే ఉంచి, హెచ్5పీని అందులో పొదగండి. అప్పుడు అది తెరుచుకోకపోయినా పాఠం ఆగదు.

మార్క్‌డౌన్, సొంత వెబ్‌సైట్

కంప్యూటర్ సైన్స్, గణితం బోధించేవాళ్లలో కొందరు పాఠాలన్నీ మార్క్‌డౌన్‌లో (శీర్షికలు, జాబితాలను చిన్న గుర్తులతో చూపే ఉత్త అక్షరాల ఫైల్‌లో) రాసి, ప్రతి మార్పునూ నమోదు చేసే గిట్ అనే సాధనంలో దాచుకుంటారు. పాన్‌డాక్ అనే ఉచిత సాధనంతో ఆ ఒక్క ఫైల్ నుంచే వెబ్ పేజీ, వర్డ్ ఫైల్, ఈపబ్ (ఈ-బుక్) అన్నీ తీయవచ్చు. సమీకరణాలు, పత్రాలు అచ్చుకు అమర్చే లేటెక్ అనే సాఫ్ట్‌వేర్ ఉంటే పీడీఎఫ్ కూడా వస్తుంది. ఒక చోట దిద్దితే అన్ని రూపాలూ మారతాయి కాబట్టి నేను మొదట్లో చెప్పిన సమస్యకు ఇంత శుభ్రమైన పరిష్కారం వేరే లేదు. ఏ అక్షరం ఏ రోజు మారిందో కూడా గిట్ చూపిస్తుంది.

అయినా అందరికీ చెప్పను. మీ తర్వాత ఆ కోర్సు తీసుకునేవాళ్లకు గిట్ తెలియకపోతే రెండో ఏడాదికే పాఠాలు వర్డ్ ఫైళ్లలోకి వచ్చేస్తాయి. మార్కులు, హాజరు, అసైన్‌మెంట్లకు ఎల్ఎంఎస్ ఎలాగూ కావాలి. ముగ్గురో నలుగురో కలిసి చాలా ఏళ్లు నడిపే కోర్సు, అందరికీ ఈ పనిముట్లు అలవాటే అన్న చోట మాత్రం కళ్లు మూసుకుని ఇదే ఎంచుకోండి.

వీడియో సంగతి

వీడియో పాఠానికి తోడుగా ఉంటే మంచిది, పాఠమే వీడియో అయితే దిద్దడం కష్టం. "మైనస్ 1" వీడియోలో ఎగిరిపోయి ఉంటే మళ్లీ రికార్డ్ చేయాల్సిందే. ఎడ్ఎక్స్ అనే ఆన్‌లైన్ కోర్సుల వేదికలో 69 లక్షల వీక్షణలను పరిశీలించి 2014లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం, వీడియో ఎంత పొడవున్నా విద్యార్థులు చూసిన సమయం మధ్యస్థంగా ఆరు నిమిషాలు దాటలేదు. కాబట్టి ఒక వీడియోలో ఒకే విషయం, ఆరు నిమిషాల లోపు. సెకనుకు ఒక మెగాబిట్ లెక్కన పది నిమిషాల వీడియో 75 మెగాబైట్లు. అదే మాటలు అక్షరాల్లో రాస్తే కొన్ని పదుల కిలోబైట్లే. డేటా అయిపోయిన విద్యార్థికి ఆ రాతప్రతే పాఠం. వీడియో కింద తప్పకుండా పెట్టండి.

ఏది ఎంచుకున్నా పేజీని ఎలా తీర్చాలి

వర్డ్ నుంచి కాపీ చేసి ఎల్ఎంఎస్‌లో నేరుగా అతికించకండి. అక్షరాలతో పాటు వర్డ్ తన ఫాంట్లు, సైజులు, మార్జిన్లు అన్నీ కోడ్‌గా మోసుకొస్తుంది. మీ తెరలో బాగానే కనిపిస్తుంది, ఫోన్‌లో ఒక పేరా చిన్నగా, ఒకటి పెద్దగా వస్తుంది. కంట్రోల్, షిఫ్ట్, వి మూడూ కలిపి నొక్కితే ఉత్త అక్షరాలే వస్తాయి. ఆ తర్వాత శీర్షికలు ఎడిటర్‌లోని హెడింగ్ స్టయిల్‌తో పెట్టండి. అక్షరాన్ని బోల్డ్ చేసి సైజు పెంచితే కంటికి శీర్షికలా ఉంటుంది గానీ, శీర్షిక నుంచి శీర్షికకు దూకుతూ వినే స్క్రీన్ రీడర్‌కు అది మామూలు వాక్యమే.

ఫోన్ కెమెరా ఫోటో ఒక్కోటి మూడు నాలుగు మెగాబైట్లు ఉంటుంది. అలాంటివి పది పెడితే పేజీ 30-40 మెగాబైట్లు. వెడల్పు 1,200 పిక్సెళ్లకు తగ్గించి పెట్టండి, తేడా ఎవరికీ తెలియదు. బొమ్మలో ఏముందో ఒక వాక్యంలో వివరణ రాయండి. "గ్రాఫ్" అని రాస్తే చాలదు, ఆ గ్రాఫ్ ఏం చెబుతోందో రాయాలి.

సమీకరణాలను ఫోటోలుగా పెట్టడం మానేస్తే సగం తలనొప్పి పోతుంది. మూడుల్, క్యాన్వాస్ రెండింటిలోనూ లేటెక్ పద్ధతిలో సమీకరణం రాయవచ్చు. పెద్దది చేసినా మసకబారదు. అన్నిటికన్నా ముఖ్యంగా, ఒక "మైనస్ 1" చేర్చాలంటే బొమ్మ మళ్లీ గీయనక్కర్లేదు.

రంగుల విషయంలో ఒకటే గుర్తుపెట్టుకుంటాను. మామూలు అక్షరానికి, వెనక రంగుకు మధ్య కాంట్రాస్ట్ కనీసం 4.5కు 1 ఉండాలని డబ్ల్యూసీఏజీ అంటుంది. తెల్లటి పేజీ మీద #767676 బూడిద రంగు అందుకు సరిగ్గా సరిపోతుంది, #999999 సరిపోదు. ముఖ్యమైన మాటను ఎర్ర రంగుతో మాత్రమే చూపించకండి, రంగులు సరిగా కనపడని వాళ్లకు అది మామూలు మాటే. పట్టికలు నాలుగు నిలువు వరుసలు దాటితే ఫోన్‌లో ఇబ్బందే, రెండుగా విడగొట్టండి.

తేదీలు, పేర్లు, లింకులు

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, సెమిస్టర్‌కు సెమిస్టర్‌కు మధ్య పోయే పనిగంటల్లో ఎక్కువ భాగం ఇక్కడే పోతుంది.

పాఠం లోపల తేదీలు రాయకండి. "వచ్చే శుక్రవారంలోగా సమర్పించండి" అన్న వాక్యం పాఠం మధ్యలో ఉంటే మరుసటి సెమిస్టర్‌లో అది తప్పు సమాచారం. కోర్సు కాపీ చేసేటప్పుడు క్యాన్వాస్ గడువు తేదీలను కొత్త క్యాలెండర్‌కు జరుపుతుంది, మూడుల్‌లో కూడా కోర్సు రీసెట్‌లో ప్రారంభ తేదీ మారిస్తే మిగతా గడువులు జరుగుతాయి. కానీ మీరు వాక్యంలో రాసిన "శుక్రవారం" జోలికి ఏ ఎల్ఎంఎస్సూ పోదు. గడువులు అసైన్‌మెంట్ సెట్టింగ్స్‌లో, క్యాలెండర్‌లో ఉండాలి. పాఠంలో పాఠమే ఉండాలి. అలాగే "3వ వారం" అని కాకుండా "వేరియన్స్, ప్రామాణిక విచలనం" అని అంశం పేరుతో యూనిట్లు పెట్టుకుంటే ఒక వారం సెలవు వచ్చినా పేర్లు మార్చక్కర్లేదు.

ఫైల్ పేర్లలో "ఫైనల్", "కొత్తది", "ఫైనల్ 2" లాంటివి వద్దు. పేరు ఎప్పుడూ ఒకటే ఉండాలి, ఎప్పటిదో చెప్పాలంటే సంవత్సరం, నెల, రోజు వరసలో 2025-01-15 అని రాస్తే ఫోల్డర్‌లో కూడా తేదీల వారీగా సర్దుకుంటాయి.

బయటి లింకులు ఏటేటా కొన్ని చచ్చిపోతాయి. పరిశోధన వ్యాసాలకు వెబ్ చిరునామా కన్నా డీఓఐ (వ్యాసానికి ఇచ్చే శాశ్వత గుర్తింపు) ఇవ్వండి, ప్రచురణకర్త సైట్ మార్చినా అది దారి చూపుతుంది. క్యాన్వాస్ కోర్సు సెట్టింగ్స్‌లో లింకులన్నీ ఒకేసారి సరిచూసే ఏర్పాటు ఉంది, ప్రతి సెమిస్టర్ మొదలయ్యే ముందు ఒకసారి నడపండి. "ఇక్కడ క్లిక్ చేయండి" అనే బదులు ఎక్కడికి వెళ్తుందో అదే లింకు మాటగా ఉండాలి.

ఒక ఎల్ఎంఎస్ నుంచి ఇంకోదానికి మారాల్సి వస్తే ఏం మిగులుతుందో కూడా ఇప్పుడే ఆలోచించుకోవాలి. కామన్ కార్ట్‌రిడ్జ్ అనే ఉమ్మడి ఫార్మాట్‌లో మామూలు పేజీలు, ఫైళ్లు, సాధారణ క్విజ్‌లు బాగానే దాటుతాయి. ఆ ఎల్ఎంఎస్‌కే ప్రత్యేకమైన అల్లికలు, మూడుల్ లెసన్ లాంటివి, దాటవు. ఎంత మామూలు పేజీ అయితే అంత దూరం ప్రయాణిస్తుంది.

ఎవరికి ఏది

ఒక్కరే బోధిస్తున్నారు, కాలేజీలో మూడుల్ ఉంది, విద్యార్థులు ఎక్కువగా ఫోన్ వాడతారు అంటే యూనిట్‌కు ఒక బుక్, దాని ప్రింట్ నుంచి తేదీ వేసిన పీడీఎఫ్ కాపీ. నెట్ సరిగా అందని విద్యార్థులకు మూడుల్ యాప్‌లో కోర్సు ముందే దించుకోవడం మొదటి వారంలోనే నేర్పండి.

క్యాన్వాస్ అయితే పేజీలు రాసి వాటిని మాడ్యూళ్లలో వరుసగా పేర్చండి. గూగుల్ క్లాస్‌రూమ్ అయితే పేజీలు లేని అమరికలో డాక్, విద్యార్థులకు చూసే అనుమతి మాత్రమే, ఫైల్ విభాగం డ్రైవ్‌లో.

నలుగురైదుగురు కలిసి రాస్తున్నారు, గిట్ తెలుసు అంటే మార్క్‌డౌన్. గిట్ తెలియకపోతే రాయడం, సవరించడం గూగుల్ డాక్‌లో చేసి, ఖరారయ్యాక ఎల్ఎంఎస్ పేజీలోకి ఒకరే ఎక్కించాలి. ఆ ఒక్కరు ఎవరో ముందే తేల్చుకోవాలి, ఆ తర్వాత డాక్ ముట్టుకోకూడదు. లేకపోతే మళ్లీ రెండు అసలు ప్రతులు తయారవుతాయి.

పూర్తి చేసినట్టు రికార్డు కావాల్సిన తప్పనిసరి శిక్షణ అయితే స్కార్మ్, చిన్న ముక్కలుగా. అసలు ఫైల్ ప్యాకేజీ పక్కనే దాచండి.

ఇప్పటికే నలభై పీడీఎఫ్‌లు ఉన్నాయి, ఇప్పుడు ఇదంతా ఎలా మార్చాలి అనేవాళ్లే ఎక్కువమంది. అన్నీ ఒకేసారి మార్చొద్దు, మధ్యలో విసిగిపోతారు. విద్యార్థులు ఎక్కువ సందేహాలు అడిగిన యూనిట్ ఏదో, మీరు ఎక్కువసార్లు దిద్దిన యూనిట్ ఏదో చూసి దానితో మొదలుపెట్టండి. నేను మూడో యూనిట్‌తో మొదలుపెట్టాను, రెండు సాయంత్రాలు పట్టింది. మిగతావి సెమిస్టర్‌కు రెండు మూడు చొప్పున మార్చుకుంటూ వచ్చాను. ప్రతి యూనిట్ చివర "సవరణలు" అని ఒక చిన్న అధ్యాయం పెట్టాను, ఏ తేదీన ఏం మారిందో ఒక్కో వరుసలో ఉంటుంది. మార్పు చేసిన రోజే ఆ వరుసను ప్రకటనగా కూడా పంపుతాను. మార్చిన యూనిట్‌ను అందరికీ తెరిచే ముందు ఒక విద్యార్థికి ఇచ్చి, తన ఫోన్‌లోనే చదవమని పక్కన కూర్చుంటాను. పది నిమిషాలు, ఏమీ మాట్లాడకుండా.